ఆసియాఖండ భాషాబోధక సంఘముల పొత్తు: ఒక విమర్శ

భాష నేర్పువారు ఒండొరులతోఁ గలసి యాలోచించుట క్రొత్త సంగతి కాదు. వారు సంఘములుగా నేర్పడి, ఆ సంఘములు మరల దేశముల యెల్లలు దాఁటి పొత్తు కుదుర్చుకొనుట మాత్రము ఇటీవలి పని. ఆసియాఖండమున నిట్టి పొత్తులలో ముందుగాఁ బేర్కొనఁదగినది పాన్ ఏషియన్ కన్సార్టియము. మన మాటలలో దీనిని సర్వాసియా సంఘసమవాయ మనవచ్చును. 1976లో నేర్పడిన జపాను భాషాబోధన సంఘము, 1980లో నేర్పడిన థాయిలాండు ఆంగ్లబోధక సంఘము, 1992లో రెండు సంఘముల కలయికచేఁ బుట్టిన కొరియా ఆంగ్లబోధక సంఘము, ఈ మూఁడును దీనికి మూలస్తంభములు. ప్రథమసభ 1997 జనవరిలో బ్యాంకాకున జరిగినది. ద్వితీయము 1999లో సియోలున, తృతీయము 2001లో జపానునందలి కిటాక్యూషూ నగరమున, చతుర్థము 2002లో తైవానునందలి తైపేయిలో, పంచమము 2004లో రుష్యాదేశపుఁ దూర్పుకొనయందలి వ్లాదివస్తోకున జరిగినవి.

ఈ పొత్తును గుఱించి మన పండితలోకమునఁ జర్చ జరిగినట్లు నేనెఱుఁగను. ఆంగ్లోపాధ్యాయుల గోష్ఠులలో దీని పేరు వినఁబడును. తెలుఁగు, సంస్కృతము చెప్పువారి గోష్ఠులలో వినఁబడదు. ఇది యాంగ్లముఁ జెప్పువారి వ్యవహారము, మనకేల యని తలంచుట సులభము. కాని ఆ సంఘములు తమ పనిని 'భాషాబోధనము' అనుచున్నవి, 'ఆసియా' అనుచున్నవి. ఆ రెండు మాటలలో మనమును జేరుదుము. మన పేరు మీఁదుగా జరుగు పనిని మనము విమర్శించుటలోఁ దప్పులేదు.

ముందుగా నామవిచారము. శాస్త్రజ్ఞులు పేరునకు వాచ్యమునకుఁ గల సంబంధమును బరీక్షింపక ముందునకుఁ బోరు. మూలస్తంభములైన మూఁడు సంఘములలో రెండింటి పేళ్లలోనే ఆంగ్లము కలదు. జపాను సంఘమొక్కటియే తన పేర భాషాబోధన మని మాత్రము చెప్పుకొని, లోపల నితరభాషలు నేర్పువారికిఁ బ్రత్యేకశాఖ నొకదాని నిలిపినది. ఇది మెచ్చఁదగినది. అయినను ఆ సంఘపు సభలలోను నాంగ్లబోధనమే ప్రధానము. సామాన్యవాచకముచే విశేషమును జెప్పుట లోకమునఁ గలదు. 'పువ్వు' అనినఁ దామరపువ్వే యని కవులు గ్రహించిన తావులు కలవు. కాని శాస్త్రవ్యవహారమున నట్లు చేయుట చిక్కునకు మూలము. ఈ చిక్కు సింగపూరునందలి ప్రాంతీయ భాషాకేంద్రపు పేరులో వింతగా మిగిలియున్నది. ఆగ్నేయాసియా విద్యాసచివుల సంస్థవారు 1968లో దానిని 'ప్రాంతీయ ఆంగ్లభాషాకేంద్రము' అను పేర నెలకొల్పిరి. 1977లో నితరభాషలకును జోటు కలుగవలెనని పేరునుండి ఆంగ్లశబ్దమును దీసివేసిరి. అయితే పొడియక్షరముల పేరు 'రెల్క్' అప్పటికే లోకమునఁ బాఁతుకొనిపోయినది. కావున నాంగ్లమును సూచించు ఇ-కారము పూర్ణనామమునఁ బోయినను సంక్షేపనామమున నిలిచియున్నది. వైయాకరణులు లోపించిన వర్ణమునకు స్థానివద్భావము చెప్పుదురు. ఇచట లోపించిన వర్ణము కార్యము చేయుట మాత్రమే కాదు, కంటికిఁ గూడఁ గనఁబడుచున్నది!

ఇఁక సమవాయము పని చేయు తీరు. ఇందు నాకు మెచ్చుకోలు గలదు. ఈ సమవాయపు సభ యన వేఱుగాఁ బెట్టుకొన్న సభ కాదు. ఆతిథ్యమిచ్చు సంఘపు సాంవత్సరికసభయే తక్కిన సంఘముల సభ యగుచున్నది. దీనివలన వ్యయము తగ్గును. అంతకంటె ముఖ్యమైన ఫలము మఱియొకటి కలదు. కేంద్రస్థాన మనునది యొకచోట స్థిరపడదు. నేఁడు బ్యాంకాకు, ఱేపు సియోలు. అఖిలలోక సంస్థలలోఁ దఱచుగాఁ గార్యాలయమున్న దేశమువారి యభిప్రాయమే సంస్థ యభిప్రాయమై కూర్చుండును. ఈ సమవాయమున నా దోషము తక్కువ.

1999లో సియోలు సభతోఁబాటు ఆసియా యువజనగోష్ఠి యనునదియు మొదలైనది. పలుదేశముల కళాశాలావిద్యార్థులు ఒకచోఁ జేరి, ఆంగ్లము వాహకముగా, తమ యాచారములను, ఇరుగుపొరుగు దేశముల నడుమ మిగిలిన పాతపగలను ముచ్చటించుకొనుట దీని యుద్దేశము. తరువాతి మూఁడు సభలతోను ఇది సాగినది. ఉపాధ్యాయులు తమ సభలకు శిష్యులను దోడ్కొని వచ్చి, వారికి వేఱు పీఁట వేయుట అరుదు. మనము జరపు సాహిత్యసభలలో విద్యార్థులు కుర్చీలు మోయుటకుఁ బనికివత్తురు, మాటలాడుటకుఁ బనికిరారు.

2003లోఁ బుట్టిన ఆసియా టెఫ్ల్ అను మఱియొక సంస్థ కలదు. దాని మొదటిసభ కొరియాలోని బూసాను నగరమున జరిగినది. ఇది వ్యక్తులు చేరు సంఘము. మొదటిది సంఘములు చేరు పొత్తు. ఈ భేదమును గమనింపక రెంటిని నొక్కటిగాఁ బేర్కొనువారు కలరు. వ్యక్తిసంఘము త్వరగాఁ బెరుగును. సంఘముల పొత్తు మెల్లగాఁ బెరుగును, కాని ప్రతి దేశమునను దనకు వేళ్లుండును. ఆసియా టెఫ్ల్ 2012లో మనదేశమునకు వచ్చి ఢిల్లీ సమీపమున సభ జరిపినది. సమవాయము మాత్రము తన మొదటి యయిదుసభలలో నొకటియును దక్షిణాసియాలో జరుపలేదు. పాకిస్తానున 1984 నుండియు, నేపాళమున 1992 నుండియు ఆంగ్లబోధకసంఘములున్నవి. మనదేశపు సంఘము మద్రాసునఁ బుట్టి వానికంటెఁ బాతది. అయినను మూలస్తంభములలో నీ భూభాగమునకుఁ జోటు గలుగలేదు. సర్వ శబ్దము వాడినపుడు మూఁట నొకపాలు విడిచిపెట్టుట యెట్లు పొసఁగును? సమవాయమును దప్పుపట్టుటకు నేనీ మాట యనుట లేదు. తూర్పుదేశములకు సభలు జరుపుకొను ధనమును, రాకపోకల సౌకర్యమును గలవు. మనవారికి వానికంటె సర్కారు సెలవుచీటి దొరకుటయే కష్టము.

ఇప్పుడు ముఖ్యవిషయము. ఆసియావారు ఆసియావారితో మాటలాడుటకు ఆంగ్ల మేల? ఇది మనలోఁ జాలమంది వేయు ప్రశ్న. దీనికిఁ బూర్వపక్షి యిచ్చు సమాధానము బలమైనది. దానిని దక్కువచేసి చెప్పుట న్యాయము కాదు. కావున విపులముగాఁ జెప్పెదను.

సియోలు సభలో జపాను ఉపాధ్యాయుఁడును కొరియా ఉపాధ్యాయుఁడును ప్రక్కప్రక్కఁ గూర్చుండిరి. వారిరువురి నడుమ 1942వ సంవత్సర మొకటి యున్నది. అప్పటికిఁ గొరియా జపాను పాలనలో నుండెను. పాఠశాలలలోఁ గొరియాభాషకుఁ జోటు తగ్గించి, తుదకుఁ దీసివేసిరి. కొరియాభాషాసంఘ మను పేర నుపాధ్యాయులును బండితులును జేరి, 1933లోఁ దమ భాషకు లిపినియమములను నిర్ణయించి, పిదప మహానిఘంటువును గూర్పఁ బూనుకొనిరి. ఈ నేరమునకై 1942లో ముప్పదిమందికి మించిన వారిని బట్టి శిక్షింపఁ జూచిరి. ఇరువురు చెఱసాలలోనే మృతినొందిరి. నిఘంటువు వ్రాఁతప్రతి పోయినదనియే యనుకొనిరి. 1945లో విమోచనము కలిగిన పిదప నది సియోలు రైలునిలయపు గిడ్డంగిలోఁ గనఁబడెను. దానిని దిద్ది 1947 మొదలు 1957 వఱకు ఆఱు సంపుటములుగాఁ బ్రకటించిరి. మన సూర్యరాయాంధ్రనిఘంటువునకును ఏండ్లు పట్టినవి. ధనమునకై తిప్పలును గలిగినవి. కాని కూర్చినవారిని సంకెలలు వేయలేదు.

ఇట్టి చరిత్ర గల యిరువురు కలసికొన్నపుడు జపానుభాషలో మాటలాడుఁడనిన వృద్ధుఁడైన కొరియావాని మనసెట్లుండును? కొరియాభాషలో మాటలాడుఁడనిన జపానువానికి రాదు. ఆంగ్ల మిరువురకును బరాయిది. బరాయిది గనుకనే సమానము. ఇద్దఱును దప్పులు చేయుదురు, ఇద్దఱును దడుముకొందురు. ఒకఁడు ప్రభువు, ఒకఁడు దాసుఁడు గాని భాష యదియే. తైపేయికిని, వ్లాదివస్తోకునకును ఇదే న్యాయము. ఇది పూర్వపక్షము.

మనదేశమున నాంగ్ల మిట్టి తటస్థభాష కాదని సిద్ధాంతి యనవచ్చును. ఇచట నాంగ్లమే ప్రభువు భాష. అది నిజమే కాని యా మాటతో వాదము తీఱదు. సియోలునఁ దటస్థమైనది హైదరాబాదునఁ దటస్థము కాకపోవచ్చును గాని సియోలున దాని ప్రయోజనము చెడదు. కావున వాహకమును గుఱించి నేను బూర్వపక్షి కొడంబడుచున్నాను. నా యాక్షేపము వేఱు. వాహకము వేఱు, వాహ్యము వేఱు. బండి యాంగ్లమైనంత మాత్రమున బండిలోని ధాన్య మంతయు నాంగ్లమే కానక్కఱలేదు. ఆసియాలోని వేయి భాషాపాఠములలో నొక్క యాంగ్లపాఠమును దక్క మఱియే పాఠమును బోల్చి చూచుకొనకపోవుటయే యీ పొత్తులోని కొఱఁత.

ఈ కొఱఁత నేఁటిది కాదు. 1922లో హెరాల్డు పామరు అను ఆంగ్లేయుఁడు జపాను వారి పిలుపున టోకియో చేరి, మఱుసటియేట నాంగ్లబోధన పరిశోధనసంస్థ నెలకొల్పెను. అదే కాలమున మైకేలు వెస్టు ఢాకాలోని యుపాధ్యాయశిక్షణ కళాశాల కధ్యక్షుఁడై, వంగబాలురు ఆంగ్లముఁ జదువుటలోఁ బడు నవస్థలను బరీక్షించుచుండెను. లారెన్సు ఫాసెటు చీనాలోఁ బనిచేసెను. మువ్వురకును దట్టిన సమస్య యొక్కటియే: బాలునకు మొదట నే మాటలు నేర్పవలెను? ఎన్ని నేర్పవలెను? ఈ మువ్వురును గలసికొన్నది ఎచట? కలకత్తాలోఁ గాదు, టోకియోలోఁ గాదు, షాంఘైలోఁ గాదు. 1934లోఁ గార్నెగీ ధనముతో న్యూయార్కున. ఆ కలయిక ఫలముగా 1936లో నివేదికయు, దానిని బెంచి 1953లో వెస్టు కూర్చిన రెండువేల మాటల పట్టికయు వెలువడినవి. ఢాకా బాలుని తడఁబాటును టోకియో బాలుని తడఁబాటును సరిపోల్చుటకు న్యూయార్కు పోవలసివచ్చెను. అరువదియేండ్ల పిదప బ్యాంకాకు సభ యా సరిపోలికను మరల నాసియాకుఁ దెచ్చినది. ఆ యంశమున నది పెద్ద మేలు. కాని తెచ్చినది ప్రశ్నలో సగమే. బాలునకు మొదట నే తెలుఁగుమాటలు, ఏ బర్మామాటలు, ఏ సింహళపుమాటలు నేర్పవలె నను సగము న్యూయార్కునకును బోలేదు, బ్యాంకాకునకును రాలేదు.

ఆసియాలో నింతకుమున్ను భాషాబోధకుల పొత్తులు లేవా యనినఁ గలవు; వాని వాహ్యము సంపూర్ణముగా నుండెను. చీనాభిక్షువు ఇత్సింగు చరిత్ర మన పండితులెఱిఁగినదే యైనను దానిని భాషాబోధనదృష్టితోఁ జదివినవారు తక్కువ. అతఁడు 671లోఁ గ్వాంగ్‌చౌ రేవున నోడ నెక్కి ఇరువదిదినములు నిండకమునుపే సుమత్రాలోని శ్రీవిజయమును జేరెను. అచట నాఱునెలలుండి శబ్దవిద్య నభ్యసించెను. 673లోఁ దామ్రలిప్తికి వచ్చి యొక యేఁడు సంస్కృతముఁ జదివెను. తరువాతఁ బదియేండ్లు నాలందాలో నుండెను. తిరిగిపోవుచు 685లో మరల శ్రీవిజయముఁ జేరి యచట ననువాదములు సాగించెను. 689లో నొక చిత్రము జరిగెను. వ్రాయుటకుఁ గాగితము, సిరా కావలెనని క్వాంగ్‌చౌకు జాబు పంపుటకై రేవులోని యోడ యెక్కెను. గాలి యనుకూలించి యోడ కదలిపోయెను. దిగుటకు వీలు లేక, జాబు పంపఁబోయినవాఁడు జాబుతోఁ గూడఁ దానే చీనా చేరెను! అచట నలువురు సహాయులను గూర్చుకొని యా సంవత్సరమే మరల శ్రీవిజయమునకు వచ్చి, తుదకు 695లో స్వదేశమునకుఁ బోయెను.

అతఁడు వ్రాసిన దక్షిణసముద్ర వృత్తాంతమును జపాను పండితుఁడు తకకుసు 1896లో నాంగ్లీకరించెను. అందు మనదేశమున వ్యాకరణము చెప్పు క్రమమొక యధ్యాయమంతయు నున్నది. బాలుఁ డాఱవ యేట సిద్ధ మను నక్షరమాలను మొదలిడి యాఱునెలలలో ముగించును. ఎనిమిదవ యేటఁ బాణినిసూత్రములను జదివి యెనిమిది నెలలలో వల్లించును. తరువాత ధాతువులు. పదియవ యేట ఖిలములను బట్టి మూఁడేండ్లు శ్రమించును. పదునైదవ యేట వృత్తిని మొదలిడి యయిదేండ్లు చదువును. ఆ వృత్తి కాశికయేనా యను వివాద మున్నది. దానిని వ్యాకరణజ్ఞులకు విడిచెదను. భర్తృహరి తనకు నలువదియేండ్లకు ముందే మృతినొందెనని యతఁడు వ్రాసినది మాత్రము నిలువలేదు. దిఙ్నాగుఁడు భర్తృహరి నెఱిఁగినవాఁ డని తేలిన పిదప భర్తృహరిని గ్రీస్తుశకము అయిదవ శతాబ్దమునకు జరుపవలసివచ్చినది. కాలనిర్ణయమున ఇత్సింగును నమ్మి చెడినవారు పలువురు. బోధనక్రమమున నతనిని నమ్మవచ్చును, ఏలయన నది తాను గన్నులారఁ జూచి, పడి నేర్చినది.

అందు నాకుఁ బ్రధానముగాఁ దోఁచునది యతని సలహా. శ్రీవిజయమున వేయిమందికి మించిన భిక్షువులున్నారనియు, వారి చదువు మధ్యదేశపుఁ జదువునకుఁ దీసిపోదనియు, హిందూదేశమునకుఁ బోఁగోరు చీనావాఁడు ముందు శ్రీవిజయమున నొకటి రెండేండ్లు నిలిచి యభ్యసించి పోవుట మేలనియు నతఁడు వ్రాసెను. దీనిని విడఁదీసి చూడుఁడు. విద్యార్థి చీనావాఁడు, పాఠశాల మలయుదేశముది, పాఠము సంస్కృతము. మూఁడవదేశమున నొక మజిలీ పెట్టి, విద్యార్థి నాలుకను సిద్ధపఱచి, పిదప మూలదేశమునకుఁ బంపుట నేఁటి శిక్షణశాస్త్రజ్ఞులు క్రొత్తగాఁ గనుఁగొన్న యుపాయ మన్నట్లు చెప్పుదురు. ఏడవ శతాబ్దమున నది వాడుకలో నుండెను. సమవాయపు సభలు నడచు సముద్రమార్గ మించుమించుగా ఇత్సింగు నడచిన మార్గమే.

టిబెట్టు పొత్తు వేఱు విధమైనది. తొమ్మిదవ శతాబ్దారంభమున టిబెట్టురాజుల యాజ్ఞచే భారతపండితులును భోటపండితులును గూర్చుండి, సంస్కృతపదములకు భోటపదములను నిర్ణయించి, తొమ్మిదివేలకు మించిన మాటలతో మహావ్యుత్పత్తిని గూర్చిరి. ఏ పదము నేల యిట్లు తెనిఁగింతుమో, క్షమింపుఁడు, భోటీకరింతుమో, ఆ హేతువులను జెప్పు వివరణగ్రంథమును దోడుగా వ్రాసిరి. పట్టికకుఁ దోడు హేతువు వ్రాయుట గొప్ప. మనదేశమునఁ బారిభాషికపదముల సంఘములు పట్టికలు ప్రకటించినవి కాని హేతువులు ప్రకటించుట యరుదు. బర్మాలోఁ బగానునందలి యగ్గవంసుఁడు 1154లో రచించిన పాలీవ్యాకరణము సద్దనీతి సింహళమునకుఁ బోఁగా, అచ్చటి స్థవిరులు తమ ద్వీపమున నిట్టి గ్రంథము లేదని యొప్పుకొనిరని బర్మా సంప్రదాయము చెప్పును. ఇవి యన్నియు మతమునకై జరిగినవి కదా యని యొక ప్రశ్న రావచ్చును. అగును. నేఁటివి యుద్యోగమునకై జరుగుచున్నవి. ఏ కాలమునను బొత్తునకుఁ బ్రేరకము భాషకు వెలుపలనే యుండును.

ఇట్టి పొత్తులో మనవారు చెప్పుకొనఁదగిన దేమున్నది? చాలఁ గలదు. భాష యను మాటయే చూడుఁడు. మలయులో 'బహాస', థాయిలో 'ఫాసా'. గురువు మలయులో గురువే, థాయిలో 'ఖ్రూ'. మాటలకంటె ముఖ్యము వర్ణమాల. తెలుఁగు, సింహళము, బర్మా, థాయి, ఖ్మేరు లిపులన్నియు బ్రాహ్మీసంతానములు. అన్నిటను కవర్గము ముందు, పవర్గము వెనుక. జపానువారు తమ యక్షరములను క, స, త, న, హ, మ, య, ర, వ అను వరుసను జదువుటయు సిద్ధాక్షరముల యభ్యాసమువలనఁ గలిగినదే. ఈ దేశములన్నిటను బడిపంతులునకు వచ్చు చిక్కు లొక్క జాతివి. థాయిభాషలో శ, ష, స మూఁడక్షరములును గలవు. మూఁటి ధ్వనియు స-కారమే. శిష్యశబ్దమును థాయి బాలుఁడు శ, ష, య లేవియుఁ జెడకుండ వ్రాసి, య-కారము మీఁద మౌనచిహ్న ముంచి, 'సిత్' అని చదువును. సింహళమున ణ-నలకును, ళ-లలకును వ్రాఁతలో భేదము గలదు, పలుకులో లేదు. తెలుఁగు బాలుఁడు ణ-నలలోఁ దడఁబడుట తక్కువ. శ-ష-సలలోను, ఒత్తక్షరములలోను దడఁబడును. మనమే ఱ-కారమును, అరసున్నను పలుకునఁ గోల్పోయి, వ్రాఁతలోఁ జాలకాలము నిలిపి, పిదపఁ బాఠ్యపుస్తకములనుండి తొలఁగించితిమి. థాయివారు తొలఁగింపలేదు. ఎవరు బాగుపడిరి? పలుకు లేని యక్షరము బాలునకు భారమా, లేక మాట పుట్టువును జూపు దీపమా? శబ్దరత్నాకరమునకును వాడుకభాషకును నడుమ మనము పెనఁగిన వాదములో నీ ప్రశ్నకుఁ బరీక్షాస్థలము బ్యాంకాకునఁ గలదని యుభయపక్షములవారును దలంపలేదు. గిడుగువారు సవరభాషకై చేసిన కృషియందుఁ జూపిన దృష్టి, బడికి రాని భాషను బడికిఁ దెచ్చుటలోఁ బలుకే ప్రమాణ మను దృష్టి, ఆ పరీక్షకు మనవైపునుండి తగిన సాధనము.

మనకట్టి పొత్తునకు నూఁత లేకపోలేదు. మైసూరున 1969లో భారతీయభాషాసంస్థ యేర్పడినది. దాని దక్షిణకేంద్రమునఁ బరరాష్ట్రముల యుపాధ్యాయులు పదినెలలుండి తెలుఁగు నేర్చి తమ పాఠశాలలకుఁ బోవు నేర్పాటు కలదు. శ్రీవిజయపు మజిలీకి నేఁటి యుదాహరణము కావలెననిన నాకిదియే తోఁచును. హైదరాబాదున 1958లోఁ బుట్టిన ఆంగ్లభాషాకేంద్రము 1972లో విదేశభాషలను జేర్చుకొని 2007లో విశ్వవిద్యాలయ మైనది. అరబ్బీ, జపానీ, రుష్యన్ నేర్పువారికిని నేర్చువారికిని అచట గది కలదు. తెలుఁగు ఆంగ్లమును గాదు, విదేశీయమును గాదు గనుక దాని పేరులోఁ దెలుఁగునకుఁ జోటు లేదు. మలయాదేశమున 1955లో నాంధ్రసంఘ మేర్పడినది. 1981లో ద్వితీయ ప్రపంచ తెలుఁగు మహాసభ కౌలాలంపూరునఁ గూడినది. తమిళులు 1966లోనే యదే నగరమున ప్రథమ తమిళపరిశోధన మహాసభను జరిపిరి. వారు పరిశోధనకుఁ గూడిరి, మనము పండుగకుఁ గూడితిమి. అచట నయిదువందలకు మించిన తమిళ ప్రాథమికపాఠశాలలు ప్రభుత్వవిద్యలో నంగములు. తెలుఁగున కట్టి స్థానము లేదు. దీనికిఁ గారణము జనసంఖ్య యొక్కటియే యని నేను నమ్మను.

ఇంటిలోని సంగతి తెలిసినదే. తెలంగాణమున 2018లోఁ బాఠశాలలందుఁ దెలుఁగు విధిగాఁ జెప్పవలెనని చట్టమైనది. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రాథమికతరగతుల కాంగ్లమాధ్యమమును విధించుచు నుత్తరువులు వెలువడఁగా 2020లో ఉన్నతన్యాయస్థానము వానిని గొట్టివేసినది. భాషాపండితుని పదవి చిరకాలము స్కూలు అసిస్టెంటు పదవికిఁ గ్రిందిమెట్టుగా నుండినది. ఇట్టివానికి సియోలు సభతో నేమి పని యని యడుగవచ్చును. పని యిది: చట్టమునకును ఉత్తరువునకును నడుమ నలిగినవాఁడు తన పాఠము మంచిదని చూపుటకు సామగ్రి కావలెను. కొరియాలో మాతృభాషాపాఠ మెట్లు నిలిచినది? సింహళమున సాహిత్యభాషకును వాడుకకును గల యెడమును దొలియేఁటి వాచకమున నెట్లు పూడ్చిరి? ఈ ప్రశ్నలకు సమాధానము లాంగ్లోపాధ్యాయుని సభలో దొరకవు. భాషోపాధ్యాయుల సభ యని పేరు పెట్టుకొన్నచోట దొరకవలసినవి.

సమవాయమువారిని మనభాషలో సభ జరుపుఁడని యడుగుట వెఱ్ఱి. మనమే చేయఁగల చిన్నపని యొకటి కలదు. మూఁడవతరగతి బాలుఁడు తత్సమపదములను వ్రాయుటలోఁ జేయు తప్పులను మన పండితు లొక యేఁడు పోగుచేయవలెను. శ, ష, సల తప్పు లెన్ని, ఒత్తుల తప్పు లెన్ని, ద్విత్వసంయుక్తముల తప్పు లెన్ని యని వేఱు పఱుపవలెను. అట్టి పట్టికయే కొలంబోలో నొకఁడు, బ్యాంకాకున నొకఁడు కూర్చినయెడల, మూఁటిని బ్రక్కప్రక్క నుంచి చూచుటకు సభయుఁ గావలదు, వ్యయముఁ గావలదు. ఒకే సంస్కృతపదము మూఁడుచోట్ల బాలుర చేతిలో నెచట విఱుగునో, ఎచట విఱుగదో తెలియును. ఆ పట్టికకు శీర్షికలు ఆంగ్లమున నుండినను నాకభ్యంతరము లేదు.